లావు అక్షరాలు

నంద్యాల బస్టాండు ఎదురు సందులో, మందుల షాపు పైన ఆ నెట్ సెంటర్ ఉండేది. రెండువేల దశకం మధ్యలో నేను అక్కడ మూడేళ్లు పనిచేశాను. ఎనిమిది కంప్యూటర్లు, ఎనిమిది ప్లైవుడ్ గదులు, గదికో పూల పరదా. ఆ పరదాలు ఒక్కసారైనా ఉతికినట్టు గుర్తు లేదు. ఆ దుమ్ము వాసన, కరెంటు వచ్చినప్పుడు కంప్యూటర్లన్నీ ఒకేసారి గుర్రుమని లేచే చప్పుడు ఇప్పటికీ తలుచుకుంటే ప్రాణం లేచివస్తుంది. జీతం చేతికొచ్చిన మొదటి చోటు అదే.

పొద్దున్నే ఆళ్లగడ్డలో బస్సెక్కి వచ్చేదాన్ని. పరీక్ష ఫలితాలు చూసిపెట్టడం, దరఖాస్తులు నింపడం, స్నేహితులను వెతుక్కునే సైటులో జనానికి పేజీలు తెరిచిపెట్టడం నా పని. పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారంటే సగంమంది ఇంటిదేవుడి పేరు చెప్పేవాళ్లు. అహోబిలం దగ్గరే కదా, మా ఊళ్ల పేజీలన్నిటికీ నరసింహస్వామే కాపలా. వారం తిరక్కుండా అదీ మర్చిపోయి వచ్చేవాళ్లు. అందుకని ఓనరు ఒక పొడుగు నోటుబుక్కు పెట్టించాడు. పేరు, ఐడీ, పాస్‌వర్డ్, అన్నీ నా చేతిరాతలో ఉండేవి. ఆ పుస్తకం కౌంటరు సొరుగులో తాళం లేకుండా పడుండేది. అది తప్పని మాకు తోచలేదు. మర్చిపోతే చెప్పడానికి పాప ఉందిలే అని వాళ్లూ నిశ్చింతగా వెళ్లిపోయేవాళ్లు.

నేను చదివేదాన్ని. దాచడమెందుకు? మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఈగలు తోలుకోవడమే పని. అప్పుడు నోటుబుక్కు తీసి ఎవరో ఒకరి పేజీ తెరిచేదాన్ని. బేతంచెర్ల బండల వ్యాపారి ఒకాయన అలిగిన పెళ్లాన్ని బతిమాలుతూ రాసిన ఉత్తరాలు టీవీ సీరియల్ కంటే బాగుండేవి. ఎవరికీ చెప్పను కాబట్టి నేను మంచిదాన్నే అనుకునేదాన్ని. అప్పటి నన్ను తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఆళ్లగడ్డలో మా వీధి చివర ఒక శిల్పి షెడ్డు ఉండేది. చుట్టరికం లేకపోయినా ఆయన్ను మామా అనేదాన్ని. ఆయన గురువారం గురువారం నంద్యాల వచ్చి మా సెంటర్లో హోస్పేటలో ఉన్న అన్నకు ఆ సైటులో రాసేవాడు. ఫోన్లో అయితే షెడ్డులో అందరూ వింటారట. నేను టైపు చేసిపెడతానంటే ఒప్పుకోలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, ఒంటి వేలితో, గంటకు నాలుగు వాక్యాలు. ముక్కు తెరకు ఆనేంతగా వంగేవాడు. సాయంత్రం తిరుగు బస్సులో నా పక్కన కూర్చుని, శనక్కాయల పొట్లం నా ఒళ్లో పెట్టి, ఏ రాయి ఎట్లా పలుకుతుందో చెప్పేవాడు. ఆ గంట ప్రయాణం కోసం వారమంతా ఎదురుచూసేదాన్ని.

విగ్రహం పని అంతా అయ్యాక చివరికి కళ్లు తెరుస్తారని ఆ బస్సులోనే విన్నాను. అడ్డంగా తెర కట్టుకుని శిల్పి ఒక్కడే లోపలుండి కంటిపాపలు చెక్కుతాడు. అప్పటిదాకా ఎవరూ చూడకూడదు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కళ్లకు ఆయన్నే పిలిచేవాళ్లు, పక్క షెడ్ల విగ్రహాలకు కూడా.

ఒక మధ్యాహ్నం ఆయన పేజీ తెరిచాను. అన్నకు రాసింది నాలుగే వాక్యాలు. కుడికంటి నరం పాడైందని కర్నూలు డాక్టరు చెప్పాడు. పోయిన చూపు రాదట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఊళ్లో తెలిస్తే ఎవరూ ఇక నా చేత కళ్లు తెరిపించరు.

చదివి ఏడ్చాను. ఏడ్చినదాన్ని ఊరుకోవచ్చు కదా. గురువారం ఆయన రాకముందే ఆ కంప్యూటర్లో అక్షరాలను రెండింతలు లావు చేసి పెట్టాను. ఎంత సంతోషపడతాడో అని కౌంటరు దగ్గర నిలబడి చూస్తున్నాను.

కూర్చున్నాడు. తర్వాత పరదా తీసి నన్ను పిలిచాడు.

"ఈ అచ్చరాలు లావు చేసిందెవురు పాపా?"

"నేనే మామా. నీకు సులువుగా ఉంటాదని."

"నాకు కష్టంగా ఉండాదని నీకెవురు జెప్పినారు?"

ఆయన చూపు నా మీదినుంచి తెరిచి ఉన్న సొరుగు మీదికి, నోటుబుక్కు మీదికి పోయింది. ఏమీ టైపు చేయకుండానే లేచి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం బస్సులో నా పక్క సీటులో ఎవరో కూరగాయల మూట పెట్టారు.

తర్వాత రెండు గురువారాలు ఆయన రాలేదు. ఆదివారం షెడ్డుకు పోయాను. నల్లరాతి అమ్మవారు నిలబడి ఉంది. నగలు, కొంగు ముడతలు, కాలి వేళ్లు అన్నీ అయ్యాయి, కళ్లు తప్ప. ఆయన తెర కట్టుకుంటున్నాడు. తప్పయిందని, ఎవరికీ చెప్పలేదని, చెప్పనని ఒట్టేశాను.

"నువ్వు జెప్పవని నాకు తెల్సు," అన్నాడు. "రెండు కండ్లూ సమంగా వచ్చినాయా లేదా అని చూసేకి నాకొక మనిషి కావల్ల. నిన్నే అడుగుదామనుకుంటి. ఆ గురువారం బస్సులో నీకంతా జెప్పాలని వచ్చింటి పాపా. నన్ను జెప్పనీకపోతివి."

ఇప్పుడు చూస్తాను మామా అన్నాను. వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. తెర లోపలికి పోయి ముడి వేసుకున్నాడు. నేను బయట నిలబడి ఉలి చప్పుడు విన్నాను. మధ్యలో చాలాసేపు ఆగి, మళ్లీ మొదలయ్యేది. మరుసటి రోజు సెంటర్లో ఓనరు అరుస్తున్నా నోటుబుక్కు ఇంటికి తీసుకుపోయి, చించి పొయ్యిలో పెట్టాను. ఏం లాభం?

ఆయన తెరిచిన చివరి కళ్లు అవే. ఆ అమ్మవారు కొత్తపల్లె వైపు ఒక ఊరి గుళ్లో ఉంది. నేను నాలుగుసార్లు పోయి వచ్చాను. కుడి కన్ను ఎడమదానికంటే నువ్వుగింజంత కిందికి ఉంది. ఊళ్లో ఎవరూ కనిపెట్టలేదు. హారతి పట్టినప్పుడు అందరూ అమ్మవారి ముఖం చూసి దండం పెడతారు, నేను మాత్రం తల దించుకుంటాను.