మరియమ్మగారు కుట్టని ఆదివారం

స్నేహితురాలి పెళ్లికి కరీంనగర్ నుంచి వెళ్లి బిట్రగుంటలో రైలు దిగుతుంటే, నా జాకెట్టు కుట్లు చంక దగ్గర ఊడిపోయాయి. ముహూర్తం గంటలో ఉంది. పైట కప్పుకుని, స్టేషన్ బయట ఎవరో చెప్పిన దర్జీ మరియమ్మగారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్తే, ఆవిడ అప్పుడే చర్చి నుంచి వచ్చారు.

"ఆదివారం మిషన్ తొక్కనమ్మా" అన్నారు. నా ముఖం చూసి ఎదురింటివైపు కేకేశారు. "మస్తానన్నా, ఈ పాపకు పెళ్లికి టైమైపోతా ఉండాది, రా!"

మస్తాన్ గారు కూడా దర్జీయే. వచ్చి ఆవిడ మిషన్ ముందే కూర్చున్నారు. నేను దుప్పటి కప్పుకుని లోపలి గదిలో ఉండిపోయాను.

"ఆదివారం ఆమె గిరాకీ నేను చూస్తా. శుక్రవారం నేను నమాజుకు పోతే నా గిరాకీ ఆమె చూస్తాది" అన్నారాయన బయటి నుంచి. ఎదురెదురు దర్జీలు గిరాకీ కోసం పోట్లాడుకోవడమే మా ఊళ్లో చూశాను.

జాకెట్టు వేసుకున్నాక మరియమ్మగారు పెరట్లో గులాబీ కోసుకొచ్చి నా జడలో పెట్టారు.

"ఆదివారం పని చేయనన్నారుగా అక్కా?" అన్నాను.

"పెళ్లికి పోయే పిల్లకు పూలు పెట్టేది పనెట్టా అవుద్దిమే!" అని ఆవిడ పకపకా నవ్వారు.

తాళి కట్టే వేళకు మండపంలో ఉన్నాను. పెళ్లికూతురు మొదట చూసింది నా గులాబీనే.