మైక్రో గుడ్డకు సరిపడే సబ్బు

నందిగామ బస్టాండు ఎదుటి కార్ల స్టాండులో మా నాన్న పాతికేళ్ళు బాడుగ కారు నడిపాడు. తొంభైలన్నీ వేరేవాళ్ళ అంబాసిడర్ మీదే గడిచాయి. దాన్ని తుడవటానికి అమ్మ తన పాత నేత చీరలను చింపి, అంచులు మడిచి కుట్టి ఇచ్చేది. పొద్దున్నే ఆయన కారు తుడుస్తుంటే గుమ్మంలో కూర్చుని చదువుకోవటం నాకు అలవాటు. పుస్తకం తెరిచే ఉండేది, చూపు మాత్రం ఆ తడి బానెట్టు మీద ఉండేది.

అమ్మ ఉతుకంటే మా వీధిలో పేరు. నాన్నవంత తెల్లటి చొక్కాలు స్టాండులో ఇంకెవరికీ ఉండేవి కావు. బట్టల్ని చాకలి సోడా వేసిన వేణ్ణీళ్ళలో ఉడికించి, బిళ్ళసబ్బు రుద్ది, బ్రష్ కొట్టి, నీలిమందులో ముంచి తీసేది. ఆ సబ్బులన్నీ జగ్గయ్యపేట నుంచే రావాలి. అది ఆమె పుట్టిన ఊరు. అక్కడ బజారులో ఆమె చిన్నప్పటి నుంచి ఎరిగిన సబ్బుల కొట్టు ఒకటుంది. ముందు కొట్టు, వెనక ఇల్లు. లోపలికి అడుగు పెడితే తుమ్ము వచ్చేది. పెద్ద డబ్బాల్లో విడి పొడులు, పొడుగ్గా కడ్డీల్లాంటి సబ్బులు. వాటిని తీగతో కోసి ఇచ్చేవారు. శెట్టిగారు ఒక్కో డబ్బా మూత తీసి, ఇది తెల్లబట్టలకి, ఇది రంగువాటికి, ఇది మొండిమరకలకి అని చెబుతుంటే, అమ్మ చిటికెడు తీసుకుని వేళ్ళ మధ్య నలిపి చూసి ఎంచుకునేది.

రెండు వేల మూడులోనో నాలుగులోనో నాన్న సొంతంగా ఒక పాత కారు కొన్నాడు. ముదురు నీలం రంగు. ఆ కారులో తరచూ సిమెంటు ఫ్యాక్టరీ పని మీద తిరిగే హైదరాబాదు ఇంజనీరు ఒకాయన, ఒకసారి నాన్నకి ఒక ప్యాకెట్ ఇచ్చాడు. అందులో నాలుగు మైక్రోఫైబర్ టవళ్ళు, రెండు పసుపు, రెండు నీలం. నాన్న వాటిని మైక్రో గుడ్డలు అనేవాడు. ఒక్కసారి తుడిస్తే చాలు, అద్దం మీద చార కూడా మిగలదని స్టాండులో అందరికీ చూపించాడు. పసుపువి వాడకానికి తీసి, నీలంవి తర్వాతకని దాచుకున్నాడు.

అమ్మకి మాత్రం ఆ గుడ్డ నచ్చలేదు. ఏళ్ళ తరబడి సోడా నీళ్ళలో నాని పగిలిన ఆమె వేళ్ళకి అది పట్టుకునేది.

"ఇదేం గుడ్డండీ, చేతిని వదలట్లా," అంది.

"దుమ్మునీ అట్టాగే పట్టుకుంటది. అదే దాని గొప్ప," అన్నాడు నాన్న.

మాసిన గుడ్డని ఎలా ఉతకాలో ఆమెకి ఒకటే పద్ధతి తెలుసు. వారానికోసారి సోడా, వేణ్ణీళ్ళు, బ్రష్. నెల తిరిగేసరికి పసుపు గుడ్డలు అట్టముక్కల్లా బిరుసెక్కాయి. నాన్న వాటితోనే కారు తుడుస్తూ వచ్చాడు.

ఆ ఎండాకాలం చందర్లపాడులో నా స్నేహితురాలి అక్క పెళ్ళి జరిగింది. పెళ్ళికూతుర్ని తీసుకెళ్ళటానికి నాన్న కారే మాట్లాడుకున్నారు. నేనూ వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం ఎండలో కారు పందిరి బయట ఆగి ఉంది. బానెట్టు నిండా సన్నటి గీతలు. గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి, తుడిచిన చెయ్యి తిరిగినట్టే తిరిగి ఉన్నాయి. మా ఇంటి నీడలో అవెప్పుడూ కనిపించలేదు.

పెళ్ళికూతురి మేనమామ వేలితో బానెట్టు తడిమి, "ఇసకేసి రుద్దినట్టున్నారే డ్రైవరుగారూ," అన్నాడు. ఎగతాళికి కాదు, మామూలుగానే అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. తర్వాత పూలు కట్టేవాడి దగ్గరికి వెళ్ళి ఇంకో రెండు మూరల బంతిపూలు అడిగి తెచ్చి, బానెట్టు మీద గీతలు ఎక్కువున్న చోట తనే పరిచాడు. ఆయన వీపు నా వైపుంది. నేను దగ్గరికి వెళ్ళలేదు.

ఇంటికొచ్చాక అమ్మకి చెప్పేశాను. ఆమె దండెం మీది పసుపు గుడ్డ తీసి, చెంపకి రుద్దుకుని చూసింది. మర్నాడు పొద్దున్నే వంట ముగించి, గుడ్డలన్నీ సంచిలో పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని జగ్గయ్యపేట బస్సెక్కింది.

శెట్టిగారు గుడ్డని అటూ ఇటూ తిప్పి చూశారు. అటువంటిది ఆయనా ఎప్పుడూ చూడలేదు. కాని చూడలేదని ఒప్పుకునే మనిషి కాదు.

"మెత్తబడాలి, అంతేగా తల్లీ. కొత్త సరుకొచ్చింది. ఆఖరి జాడింపులో ఒక్క మూత పోశావంటే పత్తిలాగా అయిపోద్ది," అని గులాబీరంగు సీసా ఒకటి ఇచ్చారు.

అది బట్టలకి మెత్తదనం, వాసన ఇచ్చే మందు. ఇంటికొచ్చి వాడాం. గుడ్డ మెత్తగానే అయింది, ఇల్లంతా సువాసన. దాచిన నీలం గుడ్డలు కూడా అమ్మ అందులో ముంచింది, ముందు జాగ్రత్తని. మర్నాడు నాన్న తుడిస్తే ఒక్కటీ నీళ్ళు పీల్చలేదు. నీళ్ళని బానెట్టు మీద ఇటు నుంచి అటు నెట్టాయి. అద్దం మీద జిడ్డు చారలు. నాన్న పనిముట్ల పెట్టె అడుగు నుంచి పాత చీరముక్క తీసి కారు తుడుచుకున్నాడు.

ఆ చీరముక్కని చూశాక అమ్మకి కోపం వచ్చింది. నాన్న మీద కాదు, శెట్టిగారి మీదా కాదు. "ముప్ఫై ఏళ్ళబట్టీ ఉతుకుతున్నా, గుడ్డముక్క దగ్గర ఓడిపోయానే," అంది నాతో.

రెండోసారి వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. బేరాలు లేవు. జరిగింది విని శెట్టిగారికి సిగ్గేసినట్టుంది. "ఉండమ్మా, తేల్చేద్దాం," అని లోపలి నుంచి నాలుగు గిన్నెలు తెప్పించి, నాలుగింట్లోనూ నీళ్ళు పోసి, నాలుగు రకాల పొడులు కలిపారు. గుడ్డలు ముంచి తానే పిండటం మొదలుపెట్టారు. సబ్బులు అమ్మీ అమ్మీ జుట్టు నెరిసిన ఆ మనిషి తన జేబురుమాలు కూడా ఎప్పుడూ ఉతుక్కోలేదని చూడగానే తెలిసిపోయింది. నురగ పంచె మీదికి పొంగింది. ఎంత జాడించినా నురగ వస్తూనే ఉంది.

ఆ చప్పుడుకి వాళ్ళావిడ లోపలి గుమ్మంలోకి వచ్చారు. నిండుగా, నెమ్మదిగా నడిచే మనిషి. ఆమె కొట్టులోకి రావటం నేను చూసింది అదే మొదటిసారి. భర్త అవతారం చూసి నవ్వాపుకుని, అమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుని, గుడ్డ ఒకటి వేళ్ళతో నలిపి చూశారు.

"పొడి ఎంతేస్తున్నావమ్మాయ్?"

"గుప్పెడు, వదినగారూ."

"నీళ్ళు?"

"బోరు నీళ్ళే."

"మన నేలంతా సున్నపురాయే కదా. బిందె అడుగున తెల్లగా పేరుకునేది చూళ్ళా? ఆ నీళ్ళల్లో గుప్పెడు పొడేస్తే అది కరగదు, పోదు. గుడ్డలోనే కూచుంటది. ఈ గుడ్డేమో దేన్నీ వదిలే రకం కాదాయె."

అమ్మ గిన్నెలోని గుడ్డని తీసి తడిమి చూసుకుంది.

"ఏ పొడీ వద్దు. నేను పట్టుచీరలకి వాడే లిక్విడుంది, దాంట్లో సోడా ఉండదు. అర మూత చాలు. మున్నేటి కుళాయి నీళ్ళు వచ్చిన రోజునే ఉతుకు, ఏటి నీళ్ళల్లో సున్నం తక్కువ. చల్లనీళ్ళు. బ్రష్ ముట్టుకోవాకు. నూలు బట్టల్తో కలపబాకు, నూగంతా దీనికే అంటుకుంటది. ఆ గులాబీ సీసా మాత్రం ఇయ్యాల్టితో కట్టిపెట్టు."

"మరి అది నేనే ఇచ్చానుగా," అన్నారు శెట్టిగారు, చేతులు తుడుచుకుంటూ.

"మీరు అమ్మినారు. ఉతికేది మేము," అన్నారావిడ.

లిక్విడ్ సీసా తెచ్చుకున్నాం. కుళాయి రోజున అమ్మ అర మూతే పోసింది. చెయ్యి ఇంకా పోయబోయి ఆగటం చూశాను. నీళ్ళలో నురగ లేకపోతే ఆమెకి ఉతికినట్టే అనిపించదు. నాలుగుసార్లు జాడించి, నీడలో, విడిగా ఆరేసింది. ఉడికిపోయిన పసుపు గుడ్డలు బాగుపడలేదు. వాటిని టైర్లకి కేటాయించారు. నీలంవి రెండో ఉతుకుకి మళ్ళీ నీళ్ళు తాగాయి.

నాన్న అద్దం తుడిచి, గుడ్డని తిప్పి చూశాడు. అమ్మ గుమ్మంలోనే ఉంది.

"గీతలు పడుతున్నాయని నాతో ఒక్కమాట చెప్పొచ్చుగా," అంది.

"నువ్వు అంత కష్టపడి ఉతికితే ఏం చెప్పను?"

"కష్టపడింది కారు పాడుచెయ్యటానికా?"

నాన్న గుడ్డని మడిచి కారులో పెట్టుకున్నాడు. బెజవాడలో పాలిషు చేయిస్తే సగం గీతలు పోయాయి, సగం ఆ కారు ఉన్నంతకాలం ఉన్నాయి.

ఆ తర్వాత ఏడాది శెట్టిగారి ఆవిడకి కంటి ఆపరేషన్ పడింది. బెజవాడ వెళ్ళటానికి నాన్న కారే మాట్లాడారు. కొట్టు మూయలేక శెట్టిగారు ఆగిపోతే, తోడుగా అమ్మ వెళ్ళింది. "జగ్గయ్యపేట పక్కన చిల్లకల్లు దాటకముందే ఉతుకుల కబుర్లు మొదలెట్టారు, ఆస్పత్రి గేటు దాకా ఆపలా," అని నాన్న తర్వాత నాకు చెప్పాడు. పట్టు, ఉన్ని, పసిపిల్లల బట్టలు, పచ్చడి మరకలు, అన్నీ వచ్చాయట. రేడియో పెట్టబోతే అమ్మ వెనక నుంచి వద్దందట.

ఆస్పత్రిలో రెండ్రోజులూ అమ్మ ఆమె దగ్గరే ఉంది. అక్కణ్ణుంచి ఇద్దరికీ బాగా కలిసింది. నెలకోసారి జగ్గయ్యపేట వెళ్ళినప్పుడు అమ్మ కొట్టులో ఆగకుండా నేరుగా వెనక ఇంట్లోకి వెళ్ళేది. సబ్బులు శెట్టిగారే పొట్లం కట్టి ఉంచేవారు. మూడు నాలుగేళ్ళు అలా గడిచాయి. ఆవిడ పోయాక అమ్మ ఒకటి రెండుసార్లు వెళ్ళి వచ్చింది. తర్వాత మానేసింది. సబ్బులు నందిగామలోనే, మా వీధి చివర కొనటం మొదలుపెట్టింది.