‘మంచు లేదు’ అని తప్పు రాశాను

ఇప్పుడే రెండు టీలు తాగి ఇది రాస్తున్నాను.

ఎలాంటి చోట ఎన్ని రోజులు మంచు పడుతుందో మా కాలేజీ వాళ్లం లెక్క తీస్తున్నాం. నంద్యాలలో మేడ మీద, కోయిలకుంట్లలో శనగచేలో, ఆళ్లగడ్డ అవతల అడవి అంచున మంచు పట్టేందుకు తలా ఒక రేకు పెట్టాం. అడవి రేకు నా వంతు.

ఈ పొద్దున అక్కడ గడ్డి అంతా మంచుతో తెల్లగా ఉంది. నా రేకు మీద మాత్రం ఒక్క బొట్టు లేదు. విసుక్కుంటూ పుస్తకంలో ‘మంచు లేదు’ అని రాశాను. గొర్రెల ఓబులేసన్న మంచు ఆరేదాకా మందను గడ్డిలోకి వదలడు. బాట మీదే నిలబడి నన్ను పిలిచాడు.

“మ్మా, కదలగాకు. గడ్డిలో మంచు చెరిగిన చార చూడు. కొండ పక్క నుంచి వచ్చి, నీ రేకు నాకి, నీ పక్కనుండే పొదలోకి పోయినాది. బయటికొచ్చిన చార యాడా లేదు.”

“ఏందన్నా అది?”

“ఏదైతే ఏందిమ్మా! నా పక్క చూస్తా మెల్లగా రా.”

గాలి లేదు. పొద కదిలింది.

బాట దాకా ఎలా వచ్చానో నాకు తెలియదు. పుస్తకం రేకు పక్కనే పడిపోయింది. అందులో ఇంకా ‘మంచు లేదు’ అనే ఉంది. రేపు పొద్దున్నే వెళ్లి దిద్దాలి.

ఎవరైనా తోడొస్తారా? ముందు నడిచేవాళ్లయితే మరీ మంచిది.