విప్పి చూడని మూడో డబ్బా

పెన్సిల్ రబ్బరు వాసన తగిలితే చాలు, నాకు ప్రభుదాసు సార్ గుర్తుకొస్తారు. బడిపిల్లల సంచుల్లో ఉండే ఆ తెల్ల రబ్బరు నా పనిముట్ల పెట్టెలో స్క్రూడ్రైవర్ పక్కన ఎప్పుడూ ఉంటుంది. మొన్న ఆఫీసులో ఒక కంప్యూటర్ మొరాయిస్తే, మూత విప్పి, నెట్ తీగ తగిలించే నెట్‌వర్క్ కార్డు బయటికి లాగి, దాని అంచున ఉండే బంగారు రంగు గీతలను మురికి పోయేలా రబ్బరుతో రుద్దుతూ కూర్చున్నాను. పాత దుమ్ము, రబ్బరు పొడి కలిసిన ఆ వాసనకు, రేకు బీరువాల మధ్య కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని పనిచేసుకునే మనిషి ఎదురుగా వచ్చి కూర్చున్నట్టే అయింది. పక్క సీటు ఆయన "మేడమ్, కొత్తది తెప్పిద్దాం, గీ రుద్దుడేంది?" అని నవ్వాడు. నవ్వనీ. ఒకప్పుడు నేనూ నవ్వినదాన్నే.

అవి తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న రోజులు. తార్నాక పక్కనున్న యూనివర్సిటీలో, కంప్యూటర్ సెంటర్‌లో నేను కాంట్రాక్టు టెక్నీషియన్‌ని. మాది లాలాగూడ రైల్వే క్వార్టర్స్, నాయన వర్క్‌షాపులో ఫిట్టర్. సార్ మా సెంటర్‌కు ఇన్‌చార్జి. పుట్టింది గుంటూరు వైపు పల్లె అయినా, ముప్పై ఏళ్లుగా కాపురం తార్నాకలోనే, చర్చి వెనక సందులో. క్యాంపస్ నెట్‌వర్క్ పాస్‌వర్డులన్నీ ఆయన దగ్గరే ఉండేవి. "ఆంధ్రాయన చేతుల ఎందుకు, మనోళ్లకు ఇయ్యాలె" అన్న మాట క్యాంటీన్‌లో చాలాసార్లు విన్నాను. నేను కూడా అన్నానేమో, ఒట్టు వేసి చెప్పలేను. మధ్యాహ్నం అన్నం వేళ ధర్నాకు పోయేదాన్ని, ఆ సంగతి సార్‌కు తెలుసు. "వెళ్ళిరామ్మా. గొంతు పోగొట్టుకోకు, హాస్టళ్ల నుంచి ఫోన్లొస్తే నువ్వే మాట్లాడాలి" అనేవారు. ఉద్యమం గురించి మా మధ్య అంతకు మించి మాటల్లేవు.

అలాంటి రోజుల్లో మా ఫైర్‌వాల్ కాలిపోయింది. బయటి ఇంటర్నెట్‌కూ మా కంప్యూటర్లకూ మధ్య కూర్చుని, దేన్ని రానివ్వాలో దేన్ని ఆపాలో చూసే యంత్రం అది. అది లేకుండా లైన్ తెరిస్తే ఒక్క పూటలో వైరస్‌లు ల్యాబులన్నిటినీ చుట్టేస్తాయి, మూస్తే పిల్లలకు నెట్ లేదు. హాస్టళ్లలో పరిశోధక విద్యార్థులు ఫెలోషిప్ ఫారాలు నింపాల్సిన వారం. కంపెనీ మనిషికి ఫోన్ చేస్తే, గేటు దగ్గర ముళ్లకంచె, లోపల టియర్ గ్యాసు, నేను రాను పొమ్మన్నాడు. సార్ ఫోన్ పెట్టేసి చొక్కా చేతులు మడిచారు. "ఎవరూ రారు. మనమే కట్టుకుందాం. సాఫ్ట్‌వేర్ ఊరికే దొరుకుతుంది, దానికి నప్పే సామాను వెతకడమే మన పని."

ఆ వెతకడం ఎలాగో నాకు ఆయనే నేర్పారు. స్టోర్‌రూమ్‌లో మూలన పడేసిన పదిహేను కంప్యూటర్లలో నేను అన్నిటికన్నా వేగమైనదాన్ని చూపించాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "వేగం కాదమ్మా, ఓపిక కావాలి. ఇది నెలల తరబడి ఆరకుండా నడవాలి. మూడు కార్డులు పెట్టుకునే చోటుందా, ఫ్యాను సవ్యంగా తిరుగుతోందా, అది చూడు." చివరికి అందరూ తిట్టుకునే ఒక లావుపాటి పాత డబ్బాను ఎంచారు. ఇక కార్డులు. బయటి లైన్‌కొకటి, హాస్టళ్లకొకటి, లైబ్రరీకి ఒకటి. అసలు కష్టమంతా అక్కడే. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే రంగు డబ్బా ఉంటుంది. లోపల అతికించిన చిప్ మాత్రం ఈ నెల ఒకటి, వచ్చే నెల ఇంకొకటి. ఒకటి మన సాఫ్ట్‌వేర్‌తో చక్కగా కలుస్తుంది, రెండోది కలిసినట్టే నటించి పని ముదిరేసరికి చేతులెత్తేస్తుంది. అందుకే సార్ జేబులో దారం కట్టిన భూతద్దం ఒకటి ఉండేది. అంతకు ముందోసారి ఆయన వెంట సికింద్రాబాద్ బజారుకు పోయాను. దుకాణంలో ప్రతి డబ్బా విప్పించి, చిప్ మీది నంబరు చదివి, కాగితంలోని జాబితాతో సరిచూసి, మళ్లీ మూసి పెట్టారు. దుకాణదారు ఊరుకుంటాడా! "ఏంది సార్, కార్డు కొంటున్నరా, పిల్లను చూడనీకి వచ్చిండ్రా?" అన్నాడు. దుకాణమంతా నవ్వింది, నేనైతే సిగ్గుతో చచ్చిపోయాను. సార్ మాత్రం భూతద్దం కళ్లకు ఆనించుకునే, "పిల్లనైతే ఒకసారి చూస్తే చాలు, ఇంకోటి తియ్యి" అన్నారు.

ఆయన దగ్గర గుడ్డ అట్ట పుస్తకం ఒకటుండేది. ముందు పేజీల్లో పనిచేసిన సామాను, దాని చిప్ నంబరు, అది క్యాంపస్‌లో ఏ గదిలో ఏ కంప్యూటర్‌లో ఉందో రాసేవారు. వెనక పేజీల్లో విఫలమైనవి. వెనక రాసిన ప్రతిదాని పక్కనా 'ఎంచుకున్నవారు' అని ఒక గడి. దాన్లో పైనుంచి కింది దాకా ఆయన పేరే. ఎందుకు సార్ ఈ పురాణం అంటే, "మళ్లీ అదే వెధవ పని చెయ్యకుండా" అనేవారు.

ఈసారి కార్డులకు నన్నొక్కదాన్నే పంపారు. ఆయన పాత డబ్బాను శుభ్రం చేసి సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. "మూడూ విప్పి చూడు స్వరూపా. ఒకటి చూసి మూడూ అదే అనుకోకు" అని భూతద్దం నా చేతిలో పెట్టారు. అదే రోజు తార్నాక చౌరస్తాలో మానవహారం. నాలుగింటికల్లా అక్కడ ఉంటానని మాటిచ్చాను. దుకాణదారు నా చేతిలో భూతద్దం చూడగానే "అరె, సార్ కళ్లు మీకిచ్చి పంపిండా!" అని మొదలెట్టాడు. ఒక డబ్బా విప్పాను, నంబరు సరిపోయింది. మిగతా రెండూ విప్పలేదు. పరుగున బస్సెక్కి చౌరస్తాలో దిగి, ఆ సంచి భుజానే వేసుకుని అటూ ఇటూ ఉన్నవాళ్ల చేతులు పట్టుకుని గంటసేపు నిలబడ్డాను. ఎంత సంతోషంగా ఉండిందో!

మర్నాడు, నేను చూసే తెచ్చానన్న నమ్మకంతో సార్ మూడు కార్డులూ బిగించి ఫైర్‌వాల్ ఆన్ చేశారు. ఆ సాయంత్రం వాడినవాళ్లు కొద్దిమందే కాబట్టి చక్కగా నడిచింది. ఆ తర్వాతి రోజు బంద్. క్లాసుల్లేవు, పిల్లలంతా హాస్టళ్లలోనే ఉండి, పొద్దున పది దాటేసరికి అందరూ ఒక్కసారే ఫారాల మీద పడ్డారు. నెట్ ఆగింది. మళ్లీ ఆన్ చేస్తే కాసేపు నడిచి మళ్లీ ఆగింది. పదకొండు కాకముందే పదిమంది విద్యార్థులు మా గదిలోకి వచ్చేశారు. ముందున్నది యాదగిరి, ధర్నాల్లో నన్ను సెల్లె అని పిలిచే పరిశోధక విద్యార్థి.

"ఏంది సార్, నెట్ ఎందుకు బంద్ వెట్టిండ్రు? ఫారాలకు రేపే ఆఖరు. పైకెల్లి ఎవలన్న చెప్పిండ్రా?"

"ఎవరూ చెప్పలేదయ్యా. మేం కట్టిన పెట్టె మొరాయిస్తోంది, చూస్తున్నాను."

వెనక నుంచి ఎవరో అందుకున్నారు. "మొరాయిస్తున్నదో, మొరాయించేటట్టు చేసిండ్రో! గీయనను గీడికెల్లి తీసెయ్యాలె. ఇయ్యాలనే కాగితం రాద్దాం."

ఆ రోజుల్లో అలాంటి ఫిర్యాదు కాగితం పైకి వెళ్తే ఆపేవాళ్లెవరూ లేరు. ఇంకో రెండేళ్లలో రిటైరయ్యే మనిషి, పిల్లల పొట్టకొట్టాడన్న పేరుతో గేటు దాటాల్సి వచ్చేది. నాకు ఆ క్షణమే అనుమానం తట్టింది, ఆ విప్పని డబ్బాల సంగతి. చెబితే వీళ్ల ముందు నేనేమవుతానో అన్న భయం. మొన్ననే చేతులు పట్టుకుని నిలబడ్డ మనుషులు వాళ్లు. గోడకానుకుని నేలచూపులు చూస్తూ నిలబడ్డాను.

సార్ ఎవరి మాటకూ జవాబివ్వకుండా మూత విప్పారు. కార్డులు మూడూ తీసి, రబ్బరుతో రుద్ది, బల్ల మీద వరసగా పెట్టి భూతద్దంతో చూశారు. మొదటిది, రెండోది, మూడోది. మూడోదాని దగ్గర ఆగి, తలెత్తి నావైపు ఒక్కసారి చూశారు. అంతే. పుస్తకం తిరగేసి వెనక పేజీలో రాయడం మొదలుపెట్టారు. "కార్డు ఎంపికలో తప్పు జరిగింది. తప్పు నాదే" అని అందరికీ వినపడేలా అన్నారు. 'ఎంచుకున్నవారు' గడిలో ఆయన పేరు పడుతుంటే నేనిక ఆగలేకపోయాను.

"యాదగిరన్నా, కార్డులు తెచ్చింది నేను. మూడు డబ్బలు ఇప్పి చూడుమని సార్ చెప్పిండు. నేను ఒక్కటే ఇప్పిన. మానవహారానికి ఆలస్యమైతదని ఉరికొచ్చిన. సార్‌ది ఏం తప్పు లేదు."

నేను సార్ చేతిలోంచి పెన్ను లాక్కున్నంత పనిచేసి, ఆయన పేరు కొట్టేసి నా పేరు రాశాను. తొందరలో అక్షరాలు వంకరపోయాయి.

యాదగిరి గొంతు తగ్గింది. "సరే సెల్లె, అయిందేదో అయింది. ఇప్పుడెట్ల? దుకాన్లన్ని బంద్ ఉన్నయి గద."

సార్ పుస్తకం ముందు పేజీలు తిప్పారు. "కెమిస్ట్రీ వాళ్ల మూలగదిలో పాత సర్వర్ ఉంది. దాన్లో ఉండాలి మనకు కావలసిన చిప్." యాదగిరీ నేనూ పరుగెత్తాం. వాచ్‌మన్‌ను బతిమాలి తాళం తీయించి, బూజు దులిపి కార్డు ఊడదీశాం. తెచ్చి చూస్తే మా డబ్బాలో పట్టే చోటుకన్నా కార్డు పొడుగు. నా ప్రాణం ఉసూరుమంది. సార్ దాని అంచున గాట్లు తడిమి చూశారు. "గాట్లు కలిశాయి. తోక గాల్లో వేలాడుతుంది, వేలాడనీ. కూర్చోబెట్టు." రబ్బరుతో రుద్ది, గట్టిగా నొక్కాను. చిప్ నంబరు యాదగిరి చేతే పైకి చదివించారు. ఒంటిగంటకల్లా హాస్టళ్లకు నెట్ వచ్చింది. సాయంత్రం దాకా ఒక్కసారీ ఆగలేదు. కాగితం సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మర్నాడు యాదగిరి ఫారం రసీదు తెచ్చి సార్‌కు చూపించి, చాయ్ తాగుదాం రమ్మని పిలిచాడు.

నెట్ వచ్చిన ఆ మధ్యాహ్నమే, అందరూ వెళ్లిపోయాక సార్ అన్నం డబ్బా తెరిచి, సగం మూతలో పెట్టి నావైపు జరిపారు. నేను ఏడుస్తూనే తిన్నాను. తిడతారేమోనని చూశాను, తిట్టలేదు. మజ్జిగ కలుపుకుంటూ మెల్లగా అన్నారు. "కార్డుదేముందమ్మా, రాసుకున్నాం, అయిపోయింది. ఆ అబ్బాయిలు నన్ను అన్నేసి మాటలంటుంటే పది నిమిషాలు నిలబడి విన్నావే, అది ఏ పేజీలో రాయమంటావు?"

నేను లేచి ఆ మూత కడిగి తెచ్చాను. ఆయన ఆ మాట మళ్లీ అడగలేదు. రాష్ట్రం వచ్చింది, చౌరస్తాలో రంగులు చల్లుకున్నాం, ఆ రోజు సార్ నా గొంతు విని "పోయిందా? ఇక ఫోన్లు నేను చూసుకుంటాలే" అన్నారు. రిటైరైన రోజు పుస్తకం, భూతద్దం నా బల్ల మీద పెట్టి ఇంటికి వెళ్లారు. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు నేను కొనే ప్రతి డబ్బా విప్పి చూస్తాను, ఎవరెంత నవ్వినా సరే. నాకు తెలిసిన నిజం ఎవరినైనా కాపాడేదైతే, గోడకానుకుని నిలబడను. పుస్తకం ముందు పేజీల్లో ఇప్పుడు నా రాతే ఎక్కువ. నా పేరు మాత్రం దాన్లోకి మొదట ఎక్కింది వెనక పేజీలోనే, కొట్టేసిన ఆయన పేరు పక్కన, వంకర అక్షరాల్లో. కార్డులకు, ఫ్యాన్లకు, కేబుళ్లకు అన్నిటికీ దాన్లో చోటుంది. ఆ పది నిమిషాలకే లేదు. సార్ అడిగారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఎంచుకున్నవారు: స్వరూప.