మాస్టు ఎత్తే ముందు

నిన్న కారిడార్ కమ్మీ మీద ఆరేసిన పడవ తాడు ఈ ఉదయం ఇంకా తడిగానే ఉంది. పక్కింటి అంకుల్ రాత్రి నిద్రలోనే పోయారని ఆంటీ చెప్పింది. "నిన్న సముద్రం మీంచి వచ్చారు, చారన్నం తిన్నారు, పడుకున్నారు. అంతే పాపా. ఆసుపత్రి లేదు, నొప్పి లేదు." ఏడుస్తూనే ఇద్దరం ఊరట పడ్డాం.

తాతల కాలంలో సింగపూర్ వచ్చిన తెలుగు కుటుంబం వారిది. బ్యాంకు ఉద్యోగం విరమించాక ఆయన తెరచాప పడవ నడపడం నేర్చుకున్నారు, నాకూ నేర్పారు. కాన్వెంట్‌లో సిస్టర్లు తలవంచుకుని నడవమనేవారు. పుస్తకాల పిల్లని, నాకది తేలిక. తలెత్తమన్నది ఆయన ఒక్కరే. పడవను ముట్టుకునే ముందు పైకి చూడాలి, అది ఆయన నియమం. సింగపూర్‌లో మేముండే హౌగాంగ్‌లో పైన మబ్బులే, కరెంటు తీగలన్నీ భూమిలో. నాకు అదంతా చాదస్తంగా తోచేది.

ఒక సెలవు రోజు నాన్న, నేను, ఆయన సరిహద్దు దాటి మలేసియాలోని జోహోర్ వెళ్లి, నది ఒడ్డున చిన్న పడవ అద్దెకు తీసుకున్నాం. మాస్టు, అంటే తెరచాప కట్టే పొడుగాటి అల్యూమినియం స్తంభం, గడ్డి మీద పడి ఉంది. దాన్ని ఎత్తడం మొదలుపెట్టగానే అంకుల్ ఆగమన్నారు.

"గాలి పోతోంది అంకుల్," అన్నారు నాన్న.

"మళ్లీ వస్తుంది తమ్ముడూ. పైన ఏముందో చూడు."

"ఆకాశం."

"ఇంకా?"

చెట్ల సందుల్లోంచి, సరిగ్గా మా నెత్తిమీదుగా, నల్లటి కరెంటు తీగలు. నాన్న విశాఖలో అలాంటి తీగల కిందే పెరిగారు. సింగపూర్ వచ్చాక మరిచిపోయారు. ఆయన ముఖం పాలిపోయింది.

"తగలక్కర్లేదు. దగ్గరికెళ్తే చాలు, కరెంటే దూకుతుంది," అన్నారు అంకుల్.

పడవను చాలా దూరం మోసుకెళ్లి అక్కడ మాస్టు నిలబెట్టాం. నది మలుపు తిరిగాక మళ్లీ తీగలు అడ్డొచ్చాయి.

"ఎత్తుగానే ఉన్నాయిగా," అన్నారు నాన్న, ఈసారి మెల్లగా.

"పోటు మీద నీళ్లూ ఎత్తుగానే ఉన్నాయి. వెనక్కి తిప్పితే పరువు పోదు లా," అన్నారు అంకుల్ తన సింగపూర్ యాసలో.

తిప్పేశాం. ఒడ్డున కాఫీ తాగుతూ అంకుల్, "ఐటీ తమ్ముడికి స్క్రీన్ తప్ప ఏదీ కనపడదు," అని ఏడిపించారు. అందరికంటే ఎక్కువ నవ్వింది నాన్నే.

ఆ రోజు గురించి మా ఇంట్లో ఎవరం మాట్లాడుకోం. ఈ మధ్యాహ్నం నాన్న ఆంటీ పక్కన కూర్చున్నారు. "మా పిల్ల ఉందంటే ఆయన వల్లే ఆంటీ," అన్నారు.

అంకుల్ ఆగమన్నప్పుడు మాస్టు నా రెండు చేతుల్లో, సగం పైకి లేచి ఉంది.