మంచం కోడు తగిలిందని చెప్పాను

ఇదంతా అమలాపురంలో ఒక బట్టల షాపు ట్రయల్ రూములో మొదలైంది. "అమ్మా, ఎప్పుడూ చీరలేనా, రెండు చుడీదార్లు కొనుక్కో" అని మా అమ్మాయి హాస్టలు నుంచి ఫోన్లో పోరుపెడితే వెళ్ళాను. ఆ గదిలో ముందొక అద్దం, వెనకొక అద్దం, నడినెత్తిన ట్యూబులైటు. లెగ్గింగు వేసుకోబోతూ వెనక్కి తిరిగేసరికి నా తొడల వెనకవైపు నాకే కనిపించింది. నలభై మూడేళ్ళుగా మోస్తున్న ఒళ్ళే. ఆ వైపు మాత్రం ఎన్నడూ చూసుకోలేదు. ఇసుక మీద నాలుగు చినుకులు పడి ఆగిపోతే ఎలా ఉంటుందో అలా చర్మం నిండా చిన్నచిన్న గుంటలు.

ఏమీ కొనకుండానే కొత్తపేట బస్సెక్కేశాను. కిటికీ పక్కన కూర్చుని ఫోన్లో వెతికితే దాని పేరు సెల్యులైట్ అని తెలిసింది. పేరు తెలిశాక అది ఇంకా పెద్దదైపోయింది. దిగేలోపల పది వీడియోలు చూశాను. ప్రతి దాంట్లోనూ ఒక సన్నపాటి అమ్మాయి, "నెల రోజుల్లో" అంటూ నవ్వుతూనే ఉంది.

మా ఆయనకి కొత్తపేటలో మోటార్లు వైండింగు చేసే షాపుంది. పొద్దున్నే వెళ్ళిపోతారు. నేను ముక్తేశ్వరం దగ్గర హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఆయన వెళ్ళాక, నా బస్సుకి ముందు దొరికే ముప్పావుగంటా ఇక ఈ పనికే సరిపోయేది. ముందు బీరపీచుతో రుద్దాను, చర్మం ఎర్రబడి మంటెత్తేదాకా. తరువాత కొబ్బరినూనెలో కాఫీపొడి కలిపి పట్టించాను. "బాత్రూములో కాఫీ వాసనేంటే?" అని ఆయన అడిగితే, ఫిల్టరు కడిగానని చెప్పాను. ఆన్‌లైన్లో ఒక క్రీము తెప్పించాను. అది రాసి, పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టుకుని, దాని మీద లంగా, చీర కట్టుకుని స్కూలుకి వెళ్ళేదాన్ని. జూన్ నెల ఉక్కపోత. క్లాసులో మొఘలుల గురించి చెప్తుంటే మోకాళ్ళ వెనక నుంచి చెమట మడమల దాకా జారేది. వారానికి ఒళ్ళంతా చెమటకాయలు లేచాయి కానీ గుంటలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

అప్పుడు అమలాపురంలోనే ఒక బ్యూటీ పార్లరుకి వెళ్ళాను. అక్కడి ఆవిడ మంచి మాటకారి. గొట్టం చివర గాజు గిన్నెలాంటిది ఉన్న మిషను చూపించి, ఇది చర్మాన్ని లోపలికి లాగుతుంది, లోపలి కొవ్వు కరుగుతుంది అని చెప్పింది. పది సిట్టింగులు. ఒక కార్డు ఇచ్చి, వచ్చినప్పుడల్లా టిక్కు పెడతానంది.

"నొప్పి ఉంటదాండీ?" అన్నాను.

"కొంచెం కందుతుందండీ, నాలుగురోజుల్లో పోద్ది. పిక్కలకి కూడా పెడతానండీ, రక్తం బాగా ఆడుద్ది."

మొదటిసారి కందింది, పోయింది. రెండోసారికి కమిలింది. మూడోసారికి తొడల వెనకా, పిక్కల మీదా నేరేడుపండు రంగు మచ్చలు గుండ్రంగా తేలాయి. ముట్టుకుంటే ప్రాణం పోయేది. అయినా మానలేదు. నొప్పి పుడుతోందంటే లోపల ఏదో పనిచేస్తోందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఇంట్లో దాచడం మొదలైంది. గడియ పెట్టుకుని చీర మార్చుకునేదాన్ని. ఎంత ఉక్కగా ఉన్నా దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకునేదాన్ని. ఆయన చెయ్యి పొరపాటున తగిలినా ఉలిక్కిపడేదాన్ని. ఒకరోజు అన్నం తింటూ, నా మొహంలోకి చూడకుండానే అడిగారు.

"ఒంట్లో ఏమైనా బాగోలేదా?"

"ఏం లేదండీ."

"నామీదేమైనా కోపమా?"

"అబ్బే, లేదండీ."

ఆయన మజ్జిగ పోసుకోకుండానే లేచిపోయారు.

ఆ వారంలోనే వాన పడ్డరోజు స్కూలు వరండాలో కాలు జారి పడ్డాను. చీరంతా బురద. మా హిందీ టీచరు పరుగెత్తుకొచ్చి లేవదీసింది. నాకన్నా పదేళ్ళు చిన్నది, రాజోలు వైపు పిల్ల, మాట తక్కువ. బాత్రూములోకి తీసుకెళ్ళి, మగ్గుతో నీళ్ళు పోస్తూ, బురద కడగడానికి నా కుచ్చిళ్ళు పైకెత్తింది. నేను పట్టుకునేలోపే చూసేసింది.

"ఏంటండీ ఇవి?"

"మంచం కోడు తగిలిందండీ."

"రెండు కాళ్ళకీనా?"

నేను కుచ్చిళ్ళు కిందికి లాక్కున్నాను. ఆమె మగ్గు కింద పెట్టి, అలాగేలెండి అన్నట్టు "ఆయ్" అంది. అంతే. నమ్మలేదని ఆ ఒక్క ముక్కలోనే తెలిసిపోయింది.

మర్నాటి నుంచి భోజనాల వేళ నా పక్కనే కూర్చునేది. రెండోరోజు క్యారియరు మూత తీస్తూ, "ఏదైనా ఉంటే నాకు చెప్పండి మేడమ్, ఎవరికీ చెప్పను" అంది. అప్పుడే చెప్పేయాల్సింది. కానీ పదో క్లాసుకి పాఠాలు చెప్పే మనిషిని, ఎదిగిన పిల్ల తల్లిని, తొడల మీద గుంటల కోసం పార్లరు చుట్టూ తిరుగుతున్నానని ఎలా చెప్పను? నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వించుకోవడం కన్నా జాలిపడనివ్వడమే నాకు తేలికనిపించింది. ఆ జాలి ఎవరి మీద నిందగా మారుతుందో ఆలోచించలేదు. ఆ శనివారం నాలుగో సిట్టింగుకి కూడా వెళ్ళొచ్చాను.

ఆదివారం పదకొండింటికి గేటు చప్పుడైంది. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టుంది, తెల్లచీరలో హిందీ టీచరు. పక్కన మా హెడ్మిస్ట్రెస్ గారు. మా ఆయన గబగబా చొక్కా తొడుక్కుని, "రండి రండి, కూర్చోండి మేడమ్ గారూ" అంటూ కుర్చీలు వేశారు. రెండు కొబ్బరిబొండాలు కొట్టి గ్లాసుల్లో పోసి తెచ్చారు. వాళ్ళు ముట్టుకోలేదు.

"బాబూ, ఒక మాట అడగడానికొచ్చేం. అడక్కపోతే మాకు నిద్ర పట్టేలా లేదు" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు.

"ఆయ్, అడగండి."

"ఈవిడ కాళ్ళ మీద దెబ్బలున్నాయి. ఎలా తగిలేయి?"

"దెబ్బలా? ఏం దెబ్బలండీ?"

"మీకు తెలీదాండీ?" అంది హిందీ టీచరు. "మా అక్క కూడా మంచం కోడనే చెప్పేదండీ. మూడేళ్ళు అదే చెప్పింది. మేం నమ్మేం. ఇప్పుడు మా అక్కకి ఒక చెవి వినపడదు."

మా ఆయన నా వైపు తిరిగారు. "వీళ్ళేమంటున్నారే?"

లోపల కుక్కరు ఒక విజిలు వేసింది. ఆయన నన్నే చూస్తున్నారు. ముగ్గురూ నన్నే చూస్తున్నారు. రెండో విజిలు కూడా వేసింది. ఆయన చేతిలోని ట్రే కింద పెట్టేశారు.

"నేనా?" అన్నారు. "నేను కొట్టేనా?"

"కాదు" అన్నాను అప్పటికి. "ఆయన ఎప్పుడూ చెయ్యెత్తలేదు. నేనే చేయించుకున్నానండీ. పార్లర్లో."

హెడ్మిస్ట్రెస్ గారు లేచి నా భుజం పట్టుకున్నారు. "భయపడకమ్మా. ఆయన ఎదురుగా చెప్పలేవు. లోపలికి రా, మనిద్దరం మాట్లాడుకుందాం."

నిజం చెప్పినా నమ్మే స్థితి నేనే లేకుండా చేసుకున్నాను. గదిలోకి వెళ్ళి తలుపేసి, ఆవిడకి చీర ఎత్తి చూపించాను. అన్ని మచ్చలూ ఒకే కొలతలో, అచ్చు గుద్దినట్టున్నాయి. బీరువాలోంచి నాలుగు టిక్కులున్న కార్డు తీసి చేతిలో పెట్టాను. ఆవిడ కార్డు చూశారు, నన్ను చూశారు. "ఫోన్ చెయ్యి" అన్నారు. చేసి స్పీకరు పెట్టాను.

"చెప్పండి మేడమ్, ఐదో సిట్టింగుకి ఎప్పుడొస్తారండీ? కమిలింది తగ్గిందాండీ?" అంది పార్లరు ఆవిడ హుషారుగా.

హెడ్మిస్ట్రెస్ గారు మంచం మీద కూలబడ్డారు. కార్డు నా చేతిలో పెట్టేసి, "ఓసి పిచ్చిదానా" అన్నారు. నవ్వలేదు.

బయటికొచ్చి ఆవిడే మా ఆయనకి విషయం చెప్పారు. హిందీ టీచరు ఏడుస్తూ చేతులు జోడించింది. ఆయన కంగారుగా లేచి నించున్నారు.

"దణ్ణాలెందుకండీ. మీరు రావడమే మంచిది. నేను నిజంగా కొట్టేవాడినే అయితే, ఈవిడకి ఇంకెవరొస్తారు?"

బొండాం నీళ్ళు తాగేదాకా వాళ్ళని కదలనివ్వలేదు. గేటు దాకా సాగనంపి వచ్చి, మాడిపోతున్న కుక్కరు కింద మంట ఆపి, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించారు. మధ్యాహ్నమైంది. వడ్డించిన అన్నం ముందు కూర్చుని అప్పుడన్నారు.

"కొట్టలేదని చెప్పడానికి నీకంతసేపు పట్టిందేం?"

"సిగ్గేసిందండీ."

"సిగ్గు నీది. అక్కడ నన్నెందుకు నిలబెట్టేవు?"

ఆయన నా మీద అరిచి ఉంటే బాగుండేది. ఆయన అరిచే మనిషి కాదు. అన్నం కలుపుకుని, నిదానంగా, ముద్ద ముద్దకీ ఆగుతూ తిన్నారు.

తరువాతి వారం షాపు మూసి, నన్ను అమలాపురంలో చర్మం డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళారు. మచ్చలు నొక్కి చూసి, ఏమైనా మాత్రలు వాడుతున్నారా అని అడిగారావిడ. నడుంనొప్పికి రోజూ మందులషాపులో కొన్న మాత్ర వేసుకుంటున్నానని చెప్పాను. దానివల్ల కూడా ఇంతలా కమిలి ఉండొచ్చని, ముందది మానమని అన్నారు. ఇక గుంటల సంగతి అడిగాను, మా ఆయన ఎదురుగానే.

"అది జబ్బు కాదమ్మా. సన్నగా ఉన్న ఆడవాళ్ళకీ ఉంటుంది. క్రీములు, మిషన్లు నాలుగురోజులు నునుపు చూపిస్తాయేమో, మళ్ళీ మామూలే. నడవండి, ఒంటికి మంచిది. కానీ ఇవి పోతాయని మాత్రం నడవకండి."

తిరిగొస్తూ బండి మీద ఆయన అన్నది ఒకే మాట. "అద్దంలో కనపడ్డరోజే నాకు చెప్పి ఉండాల్సింది." నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. ఆయన తీసెయ్యలేదు.

మచ్చలు ఆకుపచ్చకి తిరిగి, పసుపై, మూడు వారాలకి పోయాయి. గుంటలున్నాయి. మిగిలిన సిట్టింగులకి వెళ్ళలేదు. స్కూల్లో మాత్రం మాట అంత తేలిగ్గా పోలేదు. ఎవరి చెవిన ఎలా పడిందో తెలియదు. "సోషల్ మేడమ్ గారి మొగుడు కొడతాడంట" అన్నది మాత్రం పాకింది, పార్లరు సంగతి పాకలేదు. నేను కనపడ్డవాళ్ళందరికీ వివరంగా చెప్పుకొచ్చాను. కొందరు నమ్మారు. కొందరు మొగుణ్ణి వెనకేసుకొస్తోందన్నట్టు తలాడించారు.

బస్సులు లేనిరోజు నన్ను తీసుకెళ్ళడానికి వచ్చే మా ఆయన, స్కూలు గేటు దాకా రావడం మానేశారు. వంద గజాల అవతల కొబ్బరితోట దగ్గర బండి ఆపుకుని నించునేవారు.

హిందీ టీచరు అది గమనించింది. కార్తీకమాసంలో ఒక సాయంత్రం నేను హాజరు పుస్తకాలు సర్ది బయటికొచ్చేసరికి, ఆమె గొడుగు పట్టుకుని ఆ తోట దగ్గర, నలుగురూ వెళ్ళే దారిలోనే, మా ఆయన పక్కన నిలబడి మాట్లాడుతోంది. వాళ్ళింట్లో బోరు మోటారు తిరక్కుండా హమ్మింగు చేస్తోందని చెప్తోంది. ఆయన కెపాసిటరు పోయిందేమోనంటూ చేతులతో చూపించి వివరిస్తున్నారు. పిల్లలు, టీచర్లు, అటెండరు అందరూ వాళ్ళని దాటుకుంటూ వెళ్తున్నారు. ఆమె ఎవరొస్తే వాళ్ళని ఆపి, "మా మేడమ్ గారి ఆయనండీ, మా మోటారు బాగుచేస్తానంటున్నారు" అని చెప్తోంది. అలా నేను వచ్చేదాకా చెప్తూనే ఉంది.