దుప్పటి మీద యుద్ధం

మా తెలుగు సంఘం అధ్యక్షులవారు పోయినేడు నార్వే వెళ్లొచ్చారు. ఓడలో పదిరోజులు తిరిగి, మంచు చూసి, జలుబు తెచ్చుకుని, కౌలాలంపూర్‌లో దిగిన మర్నాడే కమిటీ మీటింగు పెట్టించారు. ఈసారి వార్షికోత్సవానికి పౌరాణికాలు వద్దు, అంతర్జాతీయ స్థాయి నాటకం కావాలన్నారు. ఆ ఉత్తరదేశాల్లో వెయ్యేళ్ల కిందట ఆడవాళ్లు కూడా కత్తి పట్టి, ఓడలెక్కి యుద్ధాలు చేశారట. మ్యూజియంలో అలాంటి ఒకావిడ ఎముకలు ఆయన కళ్లారా చూశారట. మన ఆడపిల్లలకు స్ఫూర్తి కావాలి కదా అన్నారు. ఆ మాట అనగానే అందరూ నావైపు తిరిగారు. నేను రిటైరైన హిస్టరీ టీచర్ని. పెళ్లి చేసుకోలేదు. పెళ్లి కానిదానికి ఊపిరి పీల్చుకోవడం తప్ప వేరే పనుండదని మా సంఘంలో గట్టి నమ్మకం.

సరే, రాస్తానన్నాను. ఆ ఒక్క మాటతో తల ప్రాణం తోకకొస్తుందని అప్పుడు తెలీదు.

రెండు వారాల్లో రాసేశాను. పక్కపక్క రేవుల్లో రెండు గుంపులు. ఒకదానికి ఎర్రజుట్టు ఆమె నాయకురాలు, రెండోదానికి నల్లజుట్టు ఆమె. ప్రతి చలికాలం ఒకరి ఎండుచేపలు ఒకరు ఎత్తుకుపోతుంటారు. చివరికి విసిగిపోయి తేల్చుకోవడానికి చిన్న దీవి మీదికి వెళతారు. ఆ దేశాల్లో పూర్వం అదొక పద్ధతి. నేలమీద దుప్పటంత గుడ్డ పరిచి, దాని మీదే ఇద్దరూ కొట్టుకోవాలి. గుడ్డ దాటి కాలు బయట పెట్టినవాళ్లు ఓడినట్టు. దుప్పటెంత ఉంటుంది? దాని మీద నిలబడి ఒకళ్ల ఊపిరి ఒకళ్లకి తగలకుండా ఎలా కొట్టుకుంటారు? నా వీరవనితలిద్దరూ మధ్యాహ్నందాకా కొట్టుకుంటారు, ఎవరూ కాలు బయట పెట్టరు. అప్పుడు ఎర్రజుట్టు కత్తి కింద పడేసి అంటుంది: "నీ దగ్గరికి రావడానికి ఇంకో దారి తెలీక ఇన్నాళ్లూ నీతో కొట్లాడాను."

ఆ ఒక్క మాట కోసమే మొత్తం నాటకం రాశాను. ఎర్రజుట్టు వేషం నాదే. నల్లజుట్టు వేషం ఎవరు వెయ్యాలో కూడా ముందే నిశ్చయించుకున్నాను.

కమిటీకి మాత్రం వేరే కారణం చెప్పాను. కౌలాలంపూర్ పిల్లలెవరూ తెలుగులో ఒక వాక్యం మూడుచోట్ల ఆగకుండా చెప్పలేరు. "అర్థమవుద్ది ఆంటీ, మాట్లాడ్డం రాదు లా" అంటారు, ఇక్కడి అలవాటుగా చివర "లా" తగిలించి. నాకు ఎదురు నిలబడి తెలుగులో గొంతు చించుకుని అరవగలిగిన మనిషి మలేషియా మొత్తం మీద ఒక్కతే ఉంది. అది నా పుట్టుక నుంచీ నా మీద అరుస్తూనే ఉంది.

మేమిద్దరం సుంగై సుమున్ దగ్గరి కొబ్బరి ఎస్టేటులో పుట్టాం. మా మేనమామ చర్చి అమ్మాయిని చేసుకుని తనూ చర్చిలో చేరాడు. ఆయన కూతురు తను. నాకంటే రెండు నెలలు పెద్ద, అంటే నాకు వదిన. కానీ తను కూడా నన్ను వదినా అనే పిలుస్తుంది, వెక్కిరింపుగా. బళ్లో పరుగుపందెం తనదైతే లెక్కల్లో మొదటి మార్కు నాది. కోలాటంలో నా వేలు చితక్కొట్టింది. నేను దాని క్రిస్మస్ నక్షత్రం చించేశాను. దాని పెళ్లినాడు చర్చి బయట పూలదండ గురించి రభస చేసి, అన్నం కూడా తినకుండా వెళ్లిపోయాను. ఆ దండలో ఏ లోపమూ లేదు. ఎందుకు ఏడ్చి చచ్చానో నలభై దాటాక గానీ నాకే తెలిసిరాలేదు. నాకు అదంటే ప్రేమ. ఇంతకన్నా వివరంగా చెప్పడం నాకు చేతకాదు.

తర్వాత అది హుటాన్ మెలింటాంగ్ అనే చేపల రేవులో కాపురముండి, మొగుడు పోయాక ఆయన పడవలు రెండూ తనే చూసుకుంటూ చేపల కొట్టు నడుపుతోంది. ఫోన్ చేసి నాటకం సంగతి చెప్పాను.

"నీతో కత్తియుద్ధమా?" అంది. "డబ్బులిచ్చైనా వచ్చి సేస్తాను."

తనకు తెలుగు చదవడం రాదు. ఎస్టేటు బళ్లో మాకు తమిళమే చెప్పారు. నేను తర్వాత మా నాన్న దగ్గర అక్షరాలు దిద్దుకున్నాను, అది సముద్రం దగ్గర ఈత నేర్చుకుంది. అందుకని నాటకమంతా, ఇద్దరి మాటలూ నేనే చదివి వాయిస్ మెసేజ్‌లుగా పంపాను. ఆఖరి మాట దగ్గర నా గొంతు కాస్త వణికింది. మళ్లీ చదివి పంపుదామనుకుని, ఎందుకో అలాగే పంపేశాను. జవాబుగా ఒక బొటనవేలి బొమ్మ వచ్చింది. అంతే! చేపల ఆర్డరు అందితే పెట్టే బొటనవేలు కూడా అదే.

ఇక కమిటీ పరిశీలన. మహిళా విభాగం కన్వీనరుగారు కాగితాలన్నీ తిప్పి తిప్పి చూసి, కళ్లజోడు తీసి అడిగారు. "మేడమ్, ఇందులో ఇద్దరూ ఆడవాళ్లే కదా. మరి ప్రేమ ఎవరికి?"

"వాళ్లిద్దరికీ."

కోశాధికారిగారి చేతిలో కర్రీపాఫ్ నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు. "చూడండి, ఆ దేశాల్లో ఎలా ఉన్నా మనది ఫ్యామిలీ ప్రోగ్రామ్ లా. తాక్ బోలే. కుదరదు." మనుషుల్ని నరకడం, ఊళ్లు తగలబెట్టడం, పక్కవాళ్ల చేపలు దోచుకోవడం, ఇవన్నీ ఫ్యామిలీ ప్రోగ్రాముకు పనికొచ్చాయి. వాటిలో ఒక్క ముక్క తీసెయ్యమనలేదు.

రెండు గంటలు తర్జనభర్జన జరిగింది. ఒకామెను మగాడిగా మార్చేద్దామన్నారు. అంత తెలుగు వచ్చిన మగాడు దొరకలేదు. ఒకామెను చంపేద్దామన్నారు. స్ఫూర్తి దెబ్బతింటుందన్నారు. అక్కాచెల్లెళ్లను చేద్దామన్నారు. అక్కాచెల్లెళ్లు కొట్టుకుంటే పిల్లలకు తప్పుడు సందేశం వెళుతుందట. అప్పుడు కన్వీనరుగారి ముఖం వెలిగింది.

"వదినా మరదళ్లను చేసేద్దాం! పరువుగా ఉంటుంది."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను కాగితాల్లో తల దూర్చి నవ్వు దాచుకున్నాను. ఈ మహానుభావులు వాళ్ల నాయనమ్మల ఇళ్లల్లో ఏం జరిగేదో మరిచిపోయారు. మన కొంపల్లో మామగారి ముందు నోరెత్తకూడదు, బావగారి ముందు నిలబడకూడదు. వదినా మరదళ్ల మధ్య మాత్రం అడ్డూ ఆపూ లేదు. బుగ్గ గిల్లొచ్చు, జడ లాగొచ్చు, రాత్రి ఏం జరిగిందని అడగొచ్చు, "నిన్ను నేనే కట్టుకుపోతాను" అని నడివీధిలో అరవొచ్చు. ఎవరూ కన్నెత్తి చూడరు. పైగా ముసలమ్మలు ఎగదోస్తారు. కంచె వేస్తున్నామనుకుని గేటు బార్లా తీసిపెట్టారు.

కానీ ఆ ఆఖరి మాట మాత్రం ఎర్రపెన్నుతో కొట్టేశారు. దాని బదులు ముగింపు మార్చారు. ఎర్రజుట్టు మరదలు దుప్పటి దాటి కాలు బయట పెట్టి ఓటమి ఒప్పుకుంటుంది. ఇద్దరూ కలిసి యుద్ధం నుంచి వచ్చిన మగవాళ్లకు పాయసం వడ్డిస్తారు. కొత్తగా చేర్చిన మహారాజు వేషం అధ్యక్షులవారిది. మాటల్లేవు, కుర్చీ ఉంది.

ఎదురు తిరగొచ్చు కదా అంటారేమో. తిరిగితే నాటకమే ఆగిపోతుంది, ఆగిపోతే అది ఆదివారాలు రిహార్సల్‌కి రాదు. సంతకం పెట్టాను.

ఆదివారం ఆదివారం మూడు గంటలు బస్సులో కూర్చుని వచ్చేది. ఓడ కట్టడానికి కొట్టులోని థర్మాకోల్ పెట్టెలు లారీలో వేయించింది. ఎన్నిసార్లు కడిగినా వాసన పోలేదు. నాటకం మొత్తంలో చరిత్రకు సరిపోయినది ఆ కంపు ఒక్కటే. పాత కార్పెట్టు ముక్కలు ఉన్నిచొక్కాలయ్యాయి. మోటారుబైకు హెల్మెట్లకు వెండిరంగు పూసి కొమ్ములు అతికించారు. ఆ కాలంలో వాళ్లెవరూ కొమ్ములు పెట్టుకోలేదని నేను మొత్తుకున్నాను. కొమ్ముల్లేకపోతే వీరులని జనానికి ఎలా తెలుస్తుందన్నారు కన్వీనరుగారు. మా వదిన హెల్మెట్ పెట్టుకుని అద్దంలో చూసుకుంది.

"ఓలమ్మో, నా కొమ్ములకి పసుపు రాసి తోలీయండి. సంతకి పనికొస్తాను."

ఆరు వారాలు కత్తులు తిప్పాం. ఆ ఆఖరి మాట విన్నదో లేదో ఒక్కనాడూ చెప్పలేదు. ఒకరోజు నీళ్లు తాగుతుంటే ఏమీ పట్టనట్టు అన్నాను, చివర ఒక మాట తీసేశారని.

"ఏటి తీసేసినారు?"

"ఏదో ఒకటిలే."

"నాకు సదవడం రాదు కదేటే. ఏటి రాసినావో, ఏటి కొట్టేసినారో నాకెలా తెలుస్తాది?" అని హెల్మెట్ పట్టీ బిగించుకుంది. ముఖంలో ఏమైనా కనిపిస్తుందేమోనని చూశాను. కొమ్ములు కనిపించాయి. బుద్ధున్నదాన్నైతే అప్పుడే అడిగేసేదాన్ని. పిరికిముండని, అడగలేదు.

నాటకం ఆదివారం మధ్యాహ్నం, భోజనాల తర్వాత. హాలు నిండింది. ముందు వరసలో ఎస్టేటు ముసలమ్మలు తాంబూలం నములుతూ కూర్చున్నారు. వేదిక మీద తన ఇంటినుంచి తెచ్చిన బాతిక్ దుప్పటి పరిచాం, నీలం మీద పసుపు పూలు. యుద్ధం మొదలైంది. రెండో దెబ్బకే నా ప్లైవుడ్ కత్తి విరిగింది. కార్పెట్టు కింద చెమట కాలవలు కట్టింది. అయినా ఆగలేదు.

"కత్తి తిప్పడమేనేటి వదినా, నడుం కూడా తిప్పుతావా?" అని అరిచింది. అది నేను రాసిన మాట కాదు. ముసలమ్మలు గొల్లున నవ్వారు. "ఇయ్యవే, ఓ పోటు ఇయ్యి!" అని ఒకామె నన్ను ఎగదోసింది. కన్వీనరుగారు పక్కనుంచి మురిసిపోతూ చూస్తున్నారు. వదినా మరదళ్లు కదా, ఎంత పరువుగా ఉందో!

ఆఖరి ఘట్టం వచ్చింది. విరిగిన కత్తి కింద పడేశాను. ఇన్నేళ్లకు దానికి ఇంత దగ్గరగా నిలబడ్డాను. కాటుక చెమటకి కరిగి దాని చెంప మీదికి జారింది. చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది. పక్కన కమిటీ, ఎదురుగా నాలుగొందల కళ్లు. సంతకం పెట్టిన ప్రకారం, బుద్ధిమంతురాలిగా, కాలు వెనక్కి వేసి దుప్పటి దాటి నిలబడ్డాను.

"ఓడిపోయాను" అన్నాను. పాయసం గిన్నె పట్టుకుని ఒకమ్మాయి లోపలికి రాబోయింది.

అది కదల్లేదు. కత్తితో దుప్పటి అంచు చూపించింది.

"కాలు లోపలెట్టు."

నాకు అర్థం కాలేదు. ఇది కాగితం మీద లేదు.

"కాలు లోపలెట్టు వదినా. ఇంకా అవనేదు. ఆ మాట సెప్పలేదు నువ్వు."

విన్నది! ఎర్రపెన్నుకు కాగితమే దొరికింది, దాని ఫోనులోని నా గొంతు దొరకలేదు. కాలు లోపల పెట్టాను. నా తెలుగు పుస్తకాల భాషంతా ఎటుపోయిందో గానీ, ఎస్టేటు మాటే బయటికొచ్చింది.

"నీకాడికి రాడానికి ఇంకో దోవ తెలీక ఇన్నాళ్లూ నీతో కొట్టుకున్నాను వదినా."

అది కత్తి పడేసి, రెండు చేతులతో నా కొమ్ములు పట్టుకుని దగ్గరికి లాగింది. హెల్మెట్లు ఠంగుమన్నాయి. హాలంతా నవ్వులు, ఈలలు. "వదినంటే అలాగుండాల!" అని ముందు వరసలోంచి ఒక ముసలమ్మ కేకేసింది. పాయసం ఎప్పుడు వస్తుందో తెలియక మహారాజుగారు కుర్చీలోంచి లేచి బిక్కమొహం వేశారు. ఏదో ఒకటి చెయ్యాలి కదా. తర్వాతి కార్యక్రమంలో వృద్ధ దంపతుల సన్మానానికని పక్కన పెట్టిన పళ్లెంలోంచి గుప్పెడు అక్షింతలు తీసి మా ఇద్దరి మీదా చల్లారు. ఆయన్ని చూసి కన్వీనరుగారు, ఆమెను చూసి కమిటీ మొత్తం వచ్చి చల్లింది. ఉత్తమ కుటుంబ నాటకమని ఆ సాయంత్రం మాకు శాలువా కూడా కప్పారు.

తెర వెనక హెల్మెట్ తీస్తూ అడిగాను. "ఆ మెసేజ్ విన్నావా?"

"రోజూ ఇన్నాను. సేపలు కడుగుతా ఇన్నాను. మా పనోళ్లకి కూడా నోటికొచ్చేసినాది."

"మరి ఇన్నాళ్లూ ఒక్క మాటైనా అనలేదేమే, పాపిష్టిదానా!"

"నాకు సెప్పినావో, ఆ కొమ్ములదానికి సెప్పినావో తెలవాలి కదా" అంది. అని ఏడ్చింది. నేను దాని క్రిస్మస్ నక్షత్రం చించినప్పుడు కూడా ఏడవని మనిషి.

ఇప్పుడు శుక్రవారం శుక్రవారం నేను హుటాన్ మెలింటాంగ్ బస్సెక్కుతాను. మొన్న బస్‌స్టాండులో కన్వీనరుగారు ఎదురుపడి, వదినగారింటికా అని అడిగి, ఈ రోజుల్లో ఇలాంటి బంధుప్రేమలు ఎక్కడున్నాయండీ అని కళ్లు ఒత్తుకున్నారు. కూరలో ఉప్పు దగ్గర, ఫ్యాను స్పీడు దగ్గర మేము ఇంకా కొట్టుకుంటూనే ఉన్నాం. నీలం దుప్పటి దాని మంచం మీద ఉంది.

ఇన్నిసార్లు వెళ్లినా నాకు పాత బెరుకు పోలేదు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, పక్కింటివాళ్లు చూస్తున్నారేమోనని ఒక్క క్షణం నిలబడిపోతాను. లోపల్నుంచి చేపల కత్తి చప్పుడు ఆగుతుంది.

"కాలు లోపలెట్టు వదినా" అంటుంది.